గొర్రెపిల్ల గొంతు, చనిపోయినవాడి చెవి

ఎడిన్‌బరోలో 1863 ప్రాంతంలో ఓ ఇంటి మెట్ల మీద పసిబిడ్డ ‘మామా’ అని గుక్కపెట్టింది. పాపం, ఆ బిడ్డకేమైందని పొరుగువాళ్లు కంగారుపడ్డారు. అక్కడ బిడ్డ లేదు, బొమ్మ తల ఉంది. కసాయి కొట్టు నుంచి తెచ్చిన గొర్రెపిల్ల స్వరపేటికను పరిశీలించి, రేకు గొట్టంతో, రబ్బరుతో దాన్ని చేసినవాళ్లు గ్రాహంబెల్, ఆయన అన్న మెల్విల్. అన్న గొట్టంలోకి ఊదుతుంటే తమ్ముడు పెదవులు ఆడించాడు.

మన గొంతులోనూ జరిగేది అదే. ఊపిరితిత్తుల గాలికి స్వరతంత్రులు మగవాళ్లలో సెకనుకు 100కి కాస్త పైగా, ఆడవాళ్లలో దాదాపు 200 సార్లు కలిసి విడిపోతాయి. అక్కడ పుట్టేది ఒట్టి రొద. దాన్ని అ, ఇ, ఉగా మలిచేవి గొంతు పైభాగం, నాలుక, పెదవులు. కంఠ్యాలు, తాలవ్యాలు, ఓష్ఠ్యాలని మనం బళ్లో వల్లించినవి ధ్వని పుట్టే చోట్లను బట్టి పెట్టిన పేర్లే. బెల్ తండ్రి 1867లో ప్రచురించిన ‘విజిబుల్ స్పీచ్’ లిపిలోనూ అక్షరాల ఆకారాలు నాలుక, పెదవుల తీరునే చూపిస్తాయి.

బొమ్మలో రబ్బరు చిరిగితే మరో ముక్క వేసుకోవచ్చు. తంత్రులకు ఆ వీలు లేదు. వాటి మీది తడి ఆరకూడదు. తాగిన నీళ్లు నేరుగా వాటిని తాకవు. ఒంట్లో నీరుంటేనే అక్కడా తడి. కెనడా చలికాలంలో హీటరు గాలికి గొంతు పొడిబారి గరగరలాడుతుంది. అప్పుడు మాటిమాటికీ గొంతు సవరించుకుంటే తంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి; ఓ గుక్క నీళ్లు మింగడం మేలు. బొంగురు నాలుగు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. ఇండియాకు ఫోనంటే ఇప్పటికీ కేకలు పెట్టే మన పెద్దవాళ్ల గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు!

ఆ ఫోను ఆలోచన మొలిచింది కూడా కెనడాలోనే. ఇద్దరు కొడుకులు క్షయతో పోయాక, 1870లో బెల్ కుటుంబం ఒంటారియోలోని బ్రాంట్‌ఫర్డ్ చేరింది. 1874 వేసవిలో బెల్ అక్కడికి ఓ విచిత్ర సాధనం తెచ్చాడు. బోస్టన్ చెవి వైద్యుడు క్లారెన్స్ బ్లేక్ సమకూర్చిన, చనిపోయిన మనిషి చెవి అది. లోపలి ఎముకకు గడ్డిపరక కట్టి, చెవిలోకి మాట్లాడితే, పొగచూరిన గాజుపలక మీద పరక అలలు గీసేది. ఇంత పలచటి కర్ణభేరి తనకంటే బరువైన ఎముకలను కదిలిస్తే, ఇంకాస్త మందమైన పొర ఇనుప ముక్కను కదిలించదా? గొంతును తయారుచేసే పని లేదు. అది గాలిలో లేపే అలలను కరెంటుకు అప్పజెబితే చాలు. నా లెక్కలో టెలిఫోను పుట్టింది ఈ ప్రశ్నతోనే.

బోస్టన్‌లో 1876 మార్చి 10న యంత్రం మాట్లాడింది. ఆగస్టు 10న దూరపు పరీక్ష. బ్రాంట్‌ఫర్డ్‌లో కొందరు మాట్లాడాలి, 13 కిలోమీటర్ల అవతల పారిస్ అనే ఊళ్లో బెల్ వినాలి. బ్యాటరీ టొరంటోలో ఉంది. మాట ఒకవైపే వెళ్తుంది. జవాబు టెలిగ్రాఫులో చెప్పాలి. మొదట అంతా గజిబిజి. తీగచుట్టలు మార్చమని బెల్ కబురు పంపాక మాటలు విడివిడిగా తెలిశాయి. వాటిలో ఓ గొంతు తండ్రిదిలా అనిపించింది. ఆయన రాలేరనే బెల్ అనుకున్నాడు. మాట్లాడుతున్నదెవరని టెలిగ్రాఫు కొట్టాడు.

నాన్నగారేనని జవాబొచ్చింది.