ఫోన్‌లో స్పష్టంగా కనిపించే అక్షరం మానిటర్‌లో ఎందుకు మసకబారుతుంది? రాత పనికి మానిటర్ కొనేముందు ఇది చూడండి

ఈ రోజు ఎపిసోడ్ గేమింగ్ వాళ్ల కోసం కాదు. రోజుకి ఆరేడు గంటలు స్క్రీన్ మీద అక్షరాలతోనే గడిపేవాళ్ల కోసం. కంటెంట్ రాసేవాళ్లు, అనువాదాలు చేసేవాళ్లు, డీటీపీ వాళ్లు, థీసిస్ టైప్ చేసుకుంటున్న వాళ్లు, కోడ్ రాసేవాళ్లు కూడా చూడొచ్చు.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా అక్క ఇంట్లో కూర్చుని ప్రూఫ్ రీడింగ్ చేస్తుంది. పేజీకి ఇంత అని డబ్బులు. "ల్యాప్‌టాప్ మీదకి వంగి వంగి మెడ పట్టేస్తోందిరా, ఒక మానిటర్ చూసిపెట్టు" అంది. టెక్ వీడియోలు చేసే తమ్ముడు ఉండగా ఇంకెవర్ని అడుగుతుంది? నేను ఆఫర్‌లో ఉంది కదా అని 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొనిపించా. పెద్ద స్క్రీన్, పెద్ద అక్షరాలు, కంటికి హాయి అనుకున్నా.

రెండు నెలల తర్వాత అక్క చూసిన ఒక చిన్న పుస్తకం అచ్చుకి వెళ్లింది. అందులో 'ధార' అని ఉండాల్సిన చోట 'దార' అని పడింది. ఒకచోట కాదు, మూడు చోట్ల. ధార అంటే నీటి ధార. దార అంటే భార్య. కొండ మీంచి ఏం దూకిందో మీరే ఊహించుకోండి. వినడానికి నవ్వొస్తుంది కానీ, ఆ పేజీలు మళ్లీ వేయాల్సొచ్చింది. ఆ ఖర్చులో కొంత అక్క డబ్బుల్లోంచే కోసుకున్నారు.

"నాకు నిజంగా కనపడలేదురా" అంది. నేను నమ్మలేదు. ఇంటికెళ్లి చూస్తే అసలు సంగతి తెలిసింది. ముఖ్యమైన పేజీలన్నీ ఫోన్‌కి పంపుకుని, మానిటర్ ముందే కూర్చుని, ఫోన్‌లో చదువుతోంది! అంత పెద్ద స్క్రీన్ ఎదురుగా పెట్టుకుని ఆరున్నర అంగుళాల ఫోన్‌లో ప్రూఫ్ చూడటం ఏంటి? ఆ ప్రశ్నకి జవాబే ఈ ఎపిసోడ్.

సైజు కాదు, చుక్కలు చూడాలి

వాకిట్లో చుక్కల ముగ్గు చూశారు కదా. చుక్కలు దగ్గర దగ్గరగా పెడితే ముగ్గు చిన్నగా, ఒద్దికగా వస్తుంది. అవే చుక్కలు దూరం దూరంగా పెడితే ముగ్గు పెద్దదవుతుంది, కానీ కొత్త చుక్కలేం పుట్టవు. స్క్రీన్ కూడా అంతే. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. వీటినే పిక్సెళ్లు అంటాం. 22 అంగుళాల్లో సర్దినా అవే చుక్కలు, 27 అంగుళాల్లో పరిచినా అవే చుక్కలు.

ఒక అంగుళం పొడవులో ఎన్ని పిక్సెళ్లు పడతాయో ఆ లెక్కని పీపీఐ అంటారు. అక్షరం పదునుగా ఉంటుందా లేదా అన్నదాంట్లో ముందు చూడాల్సిన అంకె ఇదే. 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి పీపీఐ సుమారు 102. 24 అంగుళాలైతే 92. 27 అంగుళాలైతే 82 మాత్రమే. చూశారా, స్క్రీన్ పెద్దదయ్యేకొద్దీ అంకె పడిపోతోంది. అంటే అక్కకి నేను కొనిపించింది ఈ మూడింట్లో అన్నిటికంటే మసక స్క్రీన్ అన్నమాట.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ చూడండి. 6.5 అంగుళాల్లో 2400 బై 1080 ఉంటే దాని పీపీఐ సుమారు 405. దాదాపు అయిదు రెట్లు! అక్క ఫోన్ ఎందుకు పట్టుకుందో అర్థమైందా?

అయితే మానిటర్‌కీ 400 కావాలా?

అక్కర్లేదు. ఎందుకంటే ఫోన్‌ని మనం ముఖానికి దగ్గరగా పట్టుకుంటాం, మానిటర్ మూరెడు దూరం అవతల ఉంటుంది. కంటి డాక్టర్ దగ్గర 6/6 చూపు అంటారు కదా, ఆ చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వివరాన్ని విడదీసి చూడగలదు. దీన్నుంచి ఒక తేలిక లెక్క తీయొచ్చు. 8700ని పీపీఐతో భాగించండి. వచ్చిన అంకె సెంటీమీటర్లలో దూరం. అంతకంటే దగ్గరగా కూర్చుంటే పిక్సెళ్ల మెట్లు కంటికి తెలుస్తాయి. అంతకంటే దూరంగా ఉంటే తెలియవు.

82 పీపీఐకి లెక్కేస్తే 106 సెంటీమీటర్లు వస్తుంది. మీటరు దాటి ఎవరైనా కూర్చుని టైప్ చేస్తారా? 92కి 95 సెంటీమీటర్లు. 27 అంగుళాల క్యూహెచ్‌డీ, అంటే 2560 బై 1440, దానికి 109 పీపీఐ, 80 సెంటీమీటర్లు. 27 అంగుళాల ఫోర్‌కే అయితే 163 పీపీఐ, 53 సెంటీమీటర్లు. మనలో ఎక్కువమంది కూర్చునేది 60 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో. టేపు తెచ్చి మీ కంటికీ స్క్రీన్‌కీ మధ్య ఒకసారి కొలవండి, మీకేం కావాలో మీకే తెలుస్తుంది.

ఒక మాట. ఇది గీత గీసినట్టు ఉండే లెక్క కాదు. కుర్రవాళ్లలో చాలామందికి చూపు 6/6 కంటే పదునుగా ఉంటుంది, వాళ్లకి ఇంకొంచెం ఎక్కువే కావాలి. ఇంకోటి, ఏ స్క్రీన్ చూసినా మసకగానే ఉంటే ముందు కళ్లు చూపించుకోండి. కళ్లజోడు పవర్ తేడా ఉంటే ఫోర్‌కే కూడా ఏం చేయలేదు.

తెలుగు రాసేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం

ఇంగ్లిష్ అక్షరాలు చాలావరకు గీతలు, గుండ్రాలు. మన అక్షరానికి తలకట్టు, పైన గుడి, కింద వత్తు, అడుగున చిన్న పుల్ల. 'ద'కీ 'ధ'కీ తేడా ఆ పుల్లే. 'ప'కీ 'ఫ'కీ తేడా అదే. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైన చిన్న మెలిక.

విండోస్‌లో 100 శాతం స్కేలింగ్‌లో 12 పాయింట్ల ఫాంట్ అంటే కొలత 16 పిక్సెళ్లు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం తీసుకోండి. స, దాని మీద గుడిదీర్ఘం, త వత్తు, ర వత్తు. ఇవన్నీ ఆ కాసిని చుక్కల్లోనే ఇరుక్కోవాలి. ఒత్తు పుల్లకి ఒక పిక్సెల్ దక్కితే గొప్ప. అది కూడా పక్క పిక్సెల్‌తో కలిసి బూడిదరంగులోకి జారిపోతే, అలసిన కన్ను దాన్ని దాటేస్తుంది. అక్కకి జరిగింది అదే.

అదే అక్షరం 27 అంగుళాల ఫోర్‌కేలో 150 శాతం స్కేలింగ్‌లో పెడితే 24 పిక్సెళ్లు దొరుకుతాయి. నిలువుగా, అడ్డంగా రెండు వైపులా ఒకటిన్నర రెట్లు. అంటే మొత్తం మీద రెండుంపావు రెట్లు చుక్కలు. 27 అంగుళాల క్యూహెచ్‌డీలో ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది, అక్షరం సైజు కూడా అంతే ఉంటుంది, అంచులు మాత్రం నున్నగా వస్తాయి. చాలామంది ఫోర్‌కే అంటే అక్షరాలు చీమల్లా అయిపోతాయని భయపడతారు. స్కేలింగ్ 100లోనే వదిలేస్తే అవుతాయి. మార్చుకుంటే అవ్వవు.

మరి ఏది కొనాలి?

ధరలు వారం వారం మారతాయి కాబట్టి రూపాయలు చెప్పను, మెట్లు చెప్తా.

బడ్జెట్ బాగా తక్కువైతే 22 లేదా 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెల్. ఫుల్ హెచ్‌డీలో 27 మాత్రం వద్దు. ఇంకో వెయ్యి వేస్తే పెద్దది వస్తుంది అని షాపులో అంటారు. ఆ వెయ్యి పెట్టి మసక కొనుక్కోకండి.

మధ్య బడ్జెట్ అయితే క్యూహెచ్‌డీ. 27 అంగుళాల్లో 109 పీపీఐ. ఇదే క్యూహెచ్‌డీ 24 అంగుళాల్లో కూడా వస్తుంది, 23.8 అంగుళాలకి 123 పీపీఐ. మోడళ్లు తక్కువ, కాస్త వెతకాలి. కానీ రాత పనికి మంచి ఎంపిక.

ఇంకొంచెం పెట్టగలిగితే 27 అంగుళాల ఫోర్‌కే. 32 అంగుళాల ఫోర్‌కే అయితే 138కి పడిపోతుంది, అయినా 63 సెంటీమీటర్ల దూరంలో సరిపోతుంది. దీనిపైన 27 అంగుళాల ఫైవ్‌కే ఉన్నాయి, 218 పీపీఐ. యాపిల్ స్టూడియో డిస్‌ప్లే ఆ రకమే. అక్షరం అచ్చు కాగితంలా ఉంటుంది, ధర చూస్తే మాత్రం గుండె గుభేల్‌మంటుంది.

వెడల్పు స్క్రీన్ల మీద మోజు ఉన్నవాళ్లకి: 34 అంగుళాల్లో 3440 బై 1440 అయితే 27 క్యూహెచ్‌డీతో సమానం. 34లోనే 2560 బై 1080 అని ఉంటే అది మళ్లీ 82 పీపీఐయే. అంకె చూసి కొనండి.

ఓలెడ్ సంగతేంటి?

ఫోన్‌లో ఓలెడ్ బావుంది కదా, మానిటర్ కూడా అదే తీసుకుంటా అంటారు కొందరు. ఆగండి. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు ఉంటాయి. మామూలు ఎల్‌సీడీలో ఇవి పక్కపక్కన నిలువు చారల్లా ఉంటాయి. విండోస్‌లో క్లియర్‌టైప్ అనే పద్ధతి ఆ వరసని నమ్ముకునే అక్షరం అంచుని నున్నగా చేస్తుంది. చాలా ఓలెడ్ మానిటర్లలో ఆ వరస వేరు. క్యూడీ ఓలెడ్‌లో ముక్కలు త్రికోణంలా ఉంటాయి, ఇంకో రకంలో తెలుపు ముక్క కూడా చేరుతుంది. అప్పుడు నల్ల అక్షరం అంచున సన్నగా రంగు గీత కనిపిస్తుంది. ఫోన్‌లో 400 పీపీఐ ఉంటుంది కాబట్టి అది కంటికి అందదు, మానిటర్‌లో 109 దగ్గర అందుతుంది. పైగా టూల్‌బార్‌లు గంటల తరబడి ఒకేచోట ఉంటే మచ్చ పడే ప్రమాదం కూడా ఉంది. రాత పనికి ఐపీఎస్ చాలు. 144 హెర్ట్జ్, 240 హెర్ట్జ్ లాంటివాటి కోసం డబ్బు పెట్టకుండా, అదే డబ్బు పీపీఐ మీద పెట్టండి.

మ్యాక్ వాడేవాళ్లకి ఒక చిన్న సంగతి. 2018లో వచ్చిన మొజావే నుంచి మ్యాక్‌లో ఆ రంగు ముక్కల పద్ధతి మామూలుగా ఆపేశారు. కాబట్టి తక్కువ పీపీఐ మానిటర్ మీద మ్యాక్ అక్షరాలు విండోస్ కంటే మెత్తగా కనిపిస్తాయి. మ్యాక్‌కైతే ఫోర్‌కేకి తగ్గకపోవడమే మంచిది.

మంచి మానిటర్ కొన్నా మసకేనా? ఇవి చూడండి

ఒకటి, రిజల్యూషన్ మానిటర్ అసలు అంకె దగ్గరే ఉందా? ఫోర్‌కే కొని సెట్టింగ్‌లో 1920 పెట్టుకుంటే డబ్బు నీళ్లలో పోసినట్టే. అక్షరం పెద్దది కావాలంటే రిజల్యూషన్ తగ్గించకండి, స్కేలింగ్ పెంచండి.

రెండు, కేబుల్. పాత నీలం వీజీఏ కేబుల్ వాడుతుంటే తీసి పక్కన పెట్టండి, అది అనలాగ్. హెచ్‌డీఎంఐ 1.4 పోర్ట్ ఫోర్‌కేకి 30 హెర్ట్జే ఇస్తుంది, మౌస్ ఈడ్చినట్టు కదులుతుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 లేదా డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయినా ఉండాలి. మీ ల్యాప్‌టాప్‌లో ఏముందో కొనేముందే చూసుకోండి.

మూడు, గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ అని గానీ 4:4:4 అని గానీ ఉండాలి. 4:2:0 అని ఉంటే రంగు వివరం సగం సగం చేసి పంపుతుంది, ఎర్ర అక్షరాలు అలుక్కుపోయినట్టు వస్తాయి. టీవీని మానిటర్‌గా వాడేవాళ్లకి ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే.

నాలుగు, విండోస్ సెర్చ్‌లో క్లియర్‌టైప్ అని వెతికి, అది చూపించే నమూనాల్లో మీ కంటికి బాగున్నవి ఎంచుకోండి. రెండు నిమిషాల పని. మానిటర్ మెనూలో షార్ప్‌నెస్ మాత్రం పెంచకండి. అక్షరం చుట్టూ తెల్ల అంచు వస్తుంది తప్ప పదును రాదు.

షాపులో ఏం చేయాలి?

షాపులో మానిటర్ల మీద రంగురంగుల చేపల వీడియోలు తిప్పుతుంటారు. వాటిని చూసి అక్షరం గురించి ఏం చెప్పలేం. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లో షాపుకి వెళ్లినా, మీ ల్యాప్‌టాప్, ఒక కేబుల్ పట్టుకెళ్లండి. ముందే ఒక ఫైల్ తయారు చేసుకోండి: ద ధ, ప ఫ, బ భ, డ ఢ, కి కీ, స్త్రీ, రాష్ట్రం. 11 పాయింట్లలో టైప్ చేసి, మీరు రోజూ కూర్చునే దూరంలో నిలబడి చదవండి. ముందుకి వంగకుండా తేడా తెలిస్తేనే తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు లోపలే ఈ పరీక్ష పెట్టండి. ఎత్తు మార్చుకునే స్టాండ్ ఉందో లేదో కూడా చూడండి, స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకి దగ్గర్లో ఉంటే మెడకి మంచిది.

చివరికి అక్క సంగతి. టేపు పెట్టి కొలిస్తే తను కూర్చునేది 72 సెంటీమీటర్ల దూరంలో. 8700ని 72తో భాగిస్తే 121. కాబట్టి 24 అంగుళాల క్యూహెచ్‌డీ తెప్పించాం, 123 పీపీఐ. ఆ డబ్బు నేనే పెట్టా, తప్పు నాది కదా. మొదటి రోజు 'ద ధ' ఫైల్ తెరిచి చదివింది. తర్వాత ఫోన్ తీసి ఛార్జింగ్‌కి పెట్టి, "ఇంక దీంతో పని లేదులే" అంది. ఆ 27 అంగుళాలది ఇప్పుడు నా గదిలో ఉంది. మంచం మీంచి, అంటే రెండు మీటర్ల దూరం నుంచి, క్రికెట్ చూస్తున్నా. ఆ దూరానికి అది చక్కగా ఉంది.

సరే ఫ్రెండ్స్, టేపు తీసుకుని ముందు దూరం కొలవండి, తర్వాతే షాపింగ్ యాప్ తెరవండి.