విద్యుత్ కారు కొనుటకు ముందు: రెండు బండ్ల బేరీజు



ఎద్దులను కొనబోవువాడు సంతలో పళ్లు చూచును, గిట్టలు చూచును, నడక చూచును. కాడి కట్టించి నాలుగు చాళ్లు దున్నించి మరీ చూచును. అమ్మువాని మాట నమ్మి బయానా ఇచ్చువాడు మన పల్లెలలో అరుదు. అట్టి మనము పదునైదు, పదునారు లక్షల రూపాయలు పోసి విద్యుత్ కారు కొనునప్పుడు మాత్రము, ప్రకటన కాగితముపై పెద్ద అక్షరములతో అచ్చు వేసిన కిలోమీటర్ల అంకె నొకదానిని చూచి తల యూపుచున్నాము. ఆ అంకె యెట్లు పుట్టినదో, అది గాక విచారింపదగిన విషయము లేవో, రెండు కార్లను ప్రక్కప్రక్కన నిలిపి నేడు మీకు మనవి చేసెదను.

ఈ పోలిక నేను వేడుకకు చేసినది కాదు. మా అన్నగారికి మూత్రపిండములు చెడి, వారమునకు రెండు పర్యాయములు గుంటూరు పోయి డయాలసిస్ చేయించుకొనవలసి వచ్చినది. వారి నివాసము నరసరావుపేట చెంతనున్న పల్లె. రాకపోకలు కలిసి 110 కిలోమీటర్లు. అద్దెబండి రాని దినమున చికిత్స తప్పును. చికిత్స తప్పినచో ఒంట నీరు చేరి ఆయాసము వచ్చును. కావున 2024లో సొంతబండి కొన నిశ్చయించి, టాటా వారి నెక్సాన్ ఈవీ, మహీంద్రా వారి ఎక్స్‌యువి 400 అను రెంటిని ఎంచుకొని, అందులో ఏది తగునో తేల్చు భారమును అన్నగారు నాపై నుంచిరి. రెండును ఎస్‌యువి లని పిలువబడు ఎత్తైన బండ్లే. రెండును కేవలము విద్యుత్తుతో నడచునవే.

మొదట బ్యాటరీ సంగతి. పెట్రోలు బండికి ట్యాంకు ఎట్టిదో దీనికి బ్యాటరీ అట్టిది. దాని కొలత కిలోవాట్-గంట. పేరు క్రొత్తదే కాని వస్తువు మీకు పాతదే; నెలనెలా మీ యింటి కరెంటు బిల్లులో కానవచ్చు యూనిటు ఇదియే. నేను చూచిన నెక్సానునందు 40.5 యూనిట్లు పట్టును. ఎక్స్‌యువి 400లో 39.4 యూనిట్లు పట్టును. అయిదు హెచ్‌పి మోటారు గంటకు సుమారు 3.7 యూనిట్లు త్రాగును గదా! అనగా ఈ బ్యాటరీలోని విద్యుత్తుతో మీ పొలములోని మోటారు దాదాపు పదునొకండు గంటలు నడువగలదు. ఇట్లు తలపోసిన బ్యాటరీ బలము వెంటనే బోధపడును.

ఇక ప్రకటనలోని అంకె. నెక్సానుకు 465 కిలోమీటర్లనియు, ఎక్స్‌యువి 400కు 456 కిలోమీటర్లనియు ధ్రువపత్రము గలదు. ఇవి అబద్ధములు కావు. కాని మన బాటపై కొలిచినవియు కావు. పరీక్షాశాలలో బండిని తిరుగుడు రోలర్లపై నిలిపి, నిర్ణయించిన క్రమములో వేగమును పెంచుచు తగ్గించుచు నడపుదురు. వేగము గంటకు 90 కిలోమీటర్లు దాటదు. చల్లని గాలి యంత్రము నడువదు. ఎదురుగాలి లేదు, గోతులు లేవు, నలుగురు మనుష్యుల బరువును సామానును లేవు. కాబట్టి ఆ అంకె రెండు బండ్లను ఒకదానితో నొకటి పోల్చుటకు పనికివచ్చును గాని, ప్రయాణమునకు బయలుదేరునప్పుడు నమ్ముకొనుటకు పనికిరాదు. ఈ మాట తయారుచేయువారును ఎరుగుదురు. 2024లోనే టాటా వారు 45 యూనిట్ల నెక్సానును విడుదల చేసి, ధ్రువపత్రము ప్రకారము 489 కిలోమీటర్లు అనుచు, వాడుకలో 350 నుండి 370 వరకు రాగలదని తామే తెలిపిరి.

నేను వేసిన లెక్క యిది. మెల్లగా నడచు పల్లెబాటలో యూనిటుకు ఏడు కిలోమీటర్లు. చల్లని గాలి వేసికొని పెద్దరస్తాపై పోవునప్పుడు ఆరు. ఆరు చొప్పున నెక్సానుకు 243, ఎక్స్‌యువి 400కు 236 కిలోమీటర్లు వచ్చును. రెంటికిని భేదము ఏడు కిలోమీటర్లు మాత్రమే. దీని కొరకు వాదులాడుట వ్యర్థమని గ్రహించితిని. గుంటూరు నుండి సుమారు 270 కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదు పోవలయునన్న, రెంటిలో దేనికైనను దారిలో ఒక మారు ఆగి, వేగముగా నింపు కేంద్రమున ఇంచుమించు ఒక గంట గడుపక తప్పదు.

అంకెలు సమానమైనను బ్యాటరీ జాతి సమానము కాదు. నెక్సాను బ్యాటరీ ఇనుము, ఫాస్ఫేటులతో కూడినది. ఎక్స్‌యువి 400 బ్యాటరీ నికెలు, మాంగనీసు, కోబాల్టులతో కూడినది. మొదటి జాతి కొంత బరువెక్కువ. అయినను ఎండవేడికి ఓర్చును, పూర్తిగా నింపినను అంతగా నొచ్చుకొనదు, ఎక్కువ పర్యాయములు నింపుటకు నిలుచును. రెండవ జాతి తేలిక. తక్కువ బరువులో ఎక్కువ విద్యుత్తు దాచును. కాని ప్రతిదినము నూటికి నూరు పాళ్లు నింపక, ఎనుబదితో ఆపుట దాని ఆయుస్సునకు మేలు. పల్నాటి ఎండలు తలచుకొని నా మనస్సు మొదట నెక్సాను వైపే మొగ్గినది.

అయితే మా దారి లెక్క వేసి చూచితిని. ఎక్స్‌యువి 400ను ఎనుబది పాళ్లే నింపి, తిరిగివచ్చునప్పటికి పదునైదు పాళ్లు మిగులునట్లు పెట్టుకొన్నను, వాడుకొనుటకు 25 యూనిట్లు దొరకును. అనగా 150 కిలోమీటర్లు. మాకు కావలసినది 110. కావున ఆ జాతిభేదము మా అవసరమునకు అడ్డు రాలేదు. ప్రతిదినము రెండు వందల కిలోమీటర్లు తిరుగువానికైనచో ఈ తీర్పు మారును. అట్టివాడు దినదినము పూర్తిగా నింపవలసియుండును గనుక ఇనుము జాతి బ్యాటరీయే అతనికి మేలు. 2024లో రెండు సంస్థలును బ్యాటరీకి 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అంతవరకు, హామీ ఇచ్చినవి.

తరువాత కొలతలు. నెక్సాను పొడవు 3,994 మిల్లీమీటర్లు. ఎక్స్‌యువి 400 పొడవు 4,200. పెట్రోలు కారు నాలుగు మీటర్లు దాటినచో పన్ను పెరుగును. విద్యుత్ కారునకు అట్టి నిబంధన లేదు. 2019 ఆగస్టు నుండి పొడవుతో నిమిత్తము లేకుండ నూటికి అయిదు రూపాయల జీఎస్టీయే. ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ దూరము నెక్సానులో 2,498, రెండవదానిలో 2,600 మిల్లీమీటర్లు. ఈ నాలుగంగుళములు కాగితముపై స్వల్పముగా కనబడును. డయాలసిస్ ముగిసి నీరసించి వచ్చు మనిషికి అవి స్వల్పములు కావు. రెండు బండ్లలోను అన్నగారిని వెనుక కూర్చుండబెట్టి చెరియొక గంట త్రిప్పించితిని. రెండవ బండిలో కాళ్లు చాచుకొని, వదినగారి భుజముపై తల వాల్చి వారు నిద్రించిరి. ఆ గంట నిద్ర నాకు ఏ ప్రకటనయు చెప్పని సంగతి చెప్పినది.

భద్రత విషయమున రెంటికిని పేరు పెట్టుటకు వీలులేదు. 2024లో భారత్ ఎన్‌క్యాప్ వారు బండ్లను గోడకు ఢీకొట్టించి చేసిన పరీక్షలో రెంటికిని అయిదేసి నక్షత్రములు లభించినవి. పెద్దల రక్షణకు 32 గుణములలో నెక్సానుకు 29.86, ఎక్స్‌యువి 400కు 30.38 వచ్చినవి.

ఇంటివద్ద నింపుట గూర్చి విడిగా చెప్పవలెను. పల్లెలలో చిక్కెల్ల ఇచ్చటనే. గోడకున్న 15 ఆంపియర్ల ప్లగ్గుతో నింపిన 3.3 కిలోవాట్ల భారము పడును. అనగా ఇంచుమించు నాలుగున్నర హెచ్‌పి మోటారు రాత్రియెల్ల మీ యింటి తీగలపై నడచినట్లే. అందుచేత ఇంటి కనెక్షను లోడు పెంచుకొనుడు; తీగలు తగినంత లావు ఉన్నవో లేవో, ఎర్తింగు సరిగా నున్నదో లేదో లైసెన్సు గల పనివానిచేత చూపించుడు. సేద్యమునకు ప్రభుత్వమిచ్చు ఉచిత విద్యుత్తును కారునకు మళ్లించుట నేరము. అది వేరొకరి చేనికి పోవలసిన విద్యుత్తు. 110 కిలోమీటర్లు నడచిన బండికి నష్టముతో కలిపి సుమారు 21 యూనిట్లు కావలెను. రాత్రి పది గంటలకు తగిలించినచో తెల్లవారునప్పటికి నిండును. గాలివానలో కరెంటు పోవుట మామూలే కావున, డయాలసిస్‌కు రెండు దినముల ముందే నింపియుంచు నియమము పెట్టితిమి.

ఖర్చు మాట. మాకు నెలకు సుమారు 1,000 కిలోమీటర్లు. యూనిటు తొమ్మిది రూపాయల చొప్పున 190 యూనిట్లకు 1,710 రూపాయలు. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు పెట్రోలు బండికి, లీటరు 110 రూపాయల చొప్పున దాదాపు 7,300. సంవత్సరమునకు మిగులు 67,000. విద్యుత్ బండి నాలుగు లక్షలు ఎక్కువ పడినచో ఆరేండ్లకు గాని ఆ మొత్తము తిరిగిరాదు. నెలకు మూడు నాలుగు వందల కిలోమీటర్లు మాత్రమే తిరుగువాడు ఆదా కొరకు దీనిని కొనుట తగదని నా అభిప్రాయము.

మేము ఎక్స్‌యువి 400 తీసికొంటిమి. అది అందరికిని మేలైనదని చెప్పుటకు కాదు. మా అన్నగారికి, ఆ 110 కిలోమీటర్ల దారికి అది తగినది. మీరు చూచునప్పటికి క్రొత్త బండ్లు వచ్చియుండును, ధరలు మారియుండును. విచారించు క్రమము మాత్రము ఇదియే. మొదట మీ దారిని కొలువుడు. పిమ్మట బ్యాటరీ యూనిట్లను ఆరుచేత గుణించి, అందులో కొంత చేతనుంచుకొనుడు. మీ యింటి తీగలను, మరమ్మతు శాల ఎంత దూరమున నున్నదో దానిని విచారింపుడు. ఆ బండిలో ఎవరు కూర్చుండవలెనో వారిని కూర్చుండబెట్టి ఒక గంట త్రిప్పించుడు. బయానా సంగతి ఆ తరువాత.