పిల్లలు మధ్యలో బడి మానకుండా ఉండాలంటే...



ప్రతి ఏడాదీ జూన్‌లో మీ సాయంతో పుస్తకాలు, సంచులు, యూనిఫాం బట్టలు, ఫీజు డబ్బులు పేద పిల్లలకు చేరుతున్నాయి. వాటి అవసరం ఎప్పుడూ ఉంటుంది. అయితే జూన్‌లో సంచి అందుకున్న పిల్లవాడు సంక్రాంతి సెలవుల తర్వాత కూడా తరగతి గదిలో ఉన్నాడా? ఈ వ్యాసంలో ఆ ప్రశ్న గురించే మీతో మాట్లాడదలచాం.

6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడలేదని, లేదా మధ్యలోనే మానేశారని 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మన మొహల్లాల్లో ఆరేళ్ల పిల్లలను బడిలో వేయని తల్లిదండ్రులు తక్కువే. నష్టం ఎక్కువగా జరుగుతున్నది ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల దగ్గర.

‘మనసు లేదు’ అన్న మాట వెనుక

మానేసిన పిల్లవాడి ఇంటికి వెళ్లి అడిగితే తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: “పఢాయీ మే ఉస్‌కా దిల్ నై లగ్‌రా.” చదువు మీద వాడికి మనసు లేదని అర్థం. అక్కడితో ఆగకుండా, పక్కన కూర్చోబెట్టుకుని నాలుగో తరగతి వాచకం నుంచి ఒక పేజీ చదివించి చూడాలి. చాలాసార్లు అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడబలుక్కుంటూ చదువుతాడు, భాగహారం దగ్గర ఆగిపోతాడు. రోజుకు ఆరేడు గంటలు ఏమీ అర్థం కాని చోట కూర్చుంటే ఎవరికైనా మనసు ఎలా నిలుస్తుంది?

ఈ వెనుకబాటు ఒక్కరోజులో రాదు. జ్వరం వచ్చి పది రోజులు, ఊళ్లో పెళ్లికి వారం రోజులు, తండ్రి పని కోసం ఊరు మారినప్పుడు నెల రోజులు పోతాయి. పోయిన పాఠాలు మళ్లీ ఎవరూ చెప్పరు. తల్లిదండ్రులకే చదువు రాకపోతే ఇంట్లో చెప్పేవారూ ఉండరు.

భాష మరో అడ్డంకి. ఐదో తరగతి వరకు ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలకు దగ్గర్లో ఉన్న హైస్కూలు తెలుగు లేదా ఇంగ్లిష్ మీడియం అయితే, తెలిసిన లెక్క కూడా తెలియనిదైపోతుంది. నూర్‌బాషా కుటుంబాల్లో ఇంటి భాష తెలుగే కాబట్టి వారి పిల్లల ఇబ్బంది వేరుగా ఉంటుంది. కనుక అందరికీ ఒకే ట్యూషన్ అంటే కుదరదు.

అవమానం, ఆదరణ

చదవలేకపోవడం కన్నా, చదవలేనని నలుగురి ముందు బయటపడటం పిల్లవాడిని ఎక్కువగా కుంగదీస్తుంది. “ఇంత పెద్దవాడివి, ఇది కూడా రాదా?” అన్న ఒక్క మాటకు మర్నాడు కడుపునొప్పి వస్తుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

అదే సమయంలో వీధి చివర మెకానిక్ షెడ్డు ఉంటుంది. అక్కడ వాడిని “బేటా” అని పిలుస్తారు. పనిముట్ల పేర్లు నేర్పుతారు. జుమ్మా రోజు చేతిలో నాలుగు డబ్బులు పెడతారు. బడిలో ఎందుకూ పనికిరానివాడు షెడ్డులో పనికొచ్చేవాడు అవుతాడు. పిల్లవాడిని పేదరికం ఒక్కటే అక్కడికి తీసుకుపోవడం లేదు, ఆ గౌరవం కూడా తీసుకుపోతోంది. కాబట్టి డబ్బుతో పాటు ఆదరణ కూడా మనమే ఇవ్వగలగాలి.

ఆడపిల్లల విషయం వేరు. బాగా చదివే అమ్మాయిలు కూడా మానేస్తున్నారు. హైస్కూలు దూరం కావడం, బడిలో మరుగుదొడ్డి సరిగా లేకపోవడం, ఇంట్లో చంటిపిల్లలను చూసుకోవాల్సి రావడం, పెళ్లి సంబంధం మాటలు మొదలుకావడం, కారణాలు ఇలా ఉంటాయి. ఆ అమ్మాయికి ట్యూషన్ అవసరం ఉండకపోవచ్చు. నమ్మకమైన ఆటో, తల్లితో కూర్చుని మాట్లాడే పెద్దావిడ అవసరం.

చట్టం ఉచిత నిర్బంధ విద్యను 14 ఏళ్ల వరకే హక్కుగా ఇచ్చింది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదంటుంది. బడి వేళలు అయ్యాక సొంత కుటుంబ పనికి మాత్రం మినహాయింపు ఉంది. 14 దాటితే ప్రమాదకరమైన పనులకే నిషేధం. అంటే పిల్లలు ఎక్కువగా జారిపోయే వయసులోనే చట్టం పట్టు సడలుతుంది. అక్కడ పట్టుకోవాల్సింది సమాజమే.

ఏం చేస్తే నిలుస్తారు?

దీనికి మన తెలుగు నేల మీదే దారి చూపినవారున్నారు. ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చేర్చి, తప్పిపోయిన చదువు నేర్పి, వయసుకు తగిన తరగతికి పంపింది. ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పన్నెండేళ్ల పిల్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతాడు. ముందు కొన్ని నెలలు వంతెనలాంటి చదువు కావాలి.

మొహల్లా స్థాయిలో మనం చేయగలిగినవి ఇవి:

మొదటిది, గైరుహాజరును వెంటనే గమనించడం. పిల్లవాడు వరుసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు ఎవరో ఒకరు ఇంటికి వెళ్లాలి. మూడు నెలల తర్వాత వెళితే అప్పటికే షెడ్డులో చేరి ఉంటాడు.

రెండవది, సాయంత్రం చదువు. తరగతిని బట్టి కాకుండా ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి అక్కడి నుంచి చెప్పాలి. మస్జిద్ పక్కన ఒక గది, ఓపిక ఉన్న ఒక టీచరు ఉంటే చాలు.

మూడవది, ప్రతి పిల్లవాడికీ తనను పేరుతో పిలిచి, మాట వినే ఒక పెద్దమనిషి ఉండటం. తండ్రి కువైట్‌లోనో సౌదీలోనో ఉన్న ఇళ్లలో ఇది మరీ అవసరం. ఆ తండ్రులు కూడా ఫోన్‌లో “మార్కులెన్ని?” అని కాకుండా “ఈరోజు ఏం చదివావు, చెప్పు” అని అడిగితే పిల్లల మాట తీరే మారుతుంది. దిగులు మరీ ఎక్కువగా కనిపిస్తే టెలిమానస్ 14416కు, పిల్లలు ఆపదలో ఉంటే 1098కు ఫోన్ చేయవచ్చు. రెండూ ఉచితమే.

నాలుగవది, తిరిగి వచ్చే దారి. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం మానేసిన పిల్లలు వయసుకు తగిన తరగతిలో చేరవచ్చు, ప్రత్యేక శిక్షణ పొందవచ్చు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. 14 ఏళ్లు నిండినవారు రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు.

దాతలకు మా మనవి

బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల సంగతి మీకు తెలిసిందే. పరిహారం చెల్లించలేని, చదువు వచ్చిన ఖైదీలు ఒక్కొక్కరు మదీనాలోని పదిమంది పిల్లలకు రాయడం నేర్పితే అదే వారి విడుదలకు పరిహారంగా దైవప్రవక్త (స) అంగీకరించారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. పిల్లలకు విద్య వచ్చాకే ఖైదీకి విడుదల. అక్కడ లెక్కలోకి వచ్చింది పిల్లలు ఏం నేర్చుకున్నారన్నదే. మన దానానికీ అదే కొలత కావాలి.

కనుక మీరిచ్చే దానంలో కొంత భాగాన్ని జూన్‌కు కాకుండా ఏడాది పొడవునా ఖర్చు పెట్టేందుకు కేటాయించండి. జకాత్ సొమ్ము అర్హులైన పేద కుటుంబాలకే చేరాలి కాబట్టి ఫీజు, బస్సు పాసు, ఆటో ఖర్చు దాని నుంచి ఇవ్వవచ్చు. టీచర్ల గౌరవ వేతనానికి సదఖా, సాధారణ విరాళాలు వాడటం మంచిది. సందేహం ఉంటే ఉలమాలను అడగండి. డబ్బు ఇవ్వలేనివారు వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వండి. రిటైరైన ఉపాధ్యాయులు, డిగ్రీ చదువుతున్న పిల్లలు మన మధ్య చాలామందే ఉన్నారు. మరొక్క మాట: సాయం అందుకుంటున్న పిల్లల ఫొటోలు తీయవద్దు. తోటి పిల్లల ముందు వాళ్లకు తలవంపు కాకూడదు.

వచ్చే సంచికలో ఎన్ని సంచులు పంచామన్నదాంతో పాటు, ఎంతమంది పిల్లలు తరగతిలో నిలిచారన్నది కూడా మీ ముందుంచుతాం, ఇన్షా అల్లాహ్. మీ దానధర్మాలను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.