నీలిచుక్క, నల్లమల

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో మ్యాప్ తెరిస్తే, దిగువమెట్ట దాటాక ఓ తమాషా చూడొచ్చు. అప్పటిదాకా పట్టాల వెంట బుద్ధిగా జారుతున్న నీలిచుక్క బొగద సొరంగం దగ్గర తడబడుతుంది. (బొగద అంటేనే సొరంగం, ఊరికి ఆ పేరు ఊరికే రాలేదు.) రైలు పోతూనే ఉంటుంది, చుక్క మాత్రం దిక్కు తెలియక నిలబడిపోతుంది. అవతల వెలుగు పడగానే ఒక్క గెంతులో వచ్చి రైలును కలుసుకుంటుంది. జీపీఎస్‌కు కావలసింది ఆకాశం. మ్యాప్ ఆ చుక్క కింద పరిచిన బొమ్మ మాత్రమే.

ఆ ఆకాశంలో, సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, అమెరికా వారి జీపీఎస్ ఉపగ్రహాలు ముప్పై దాకా తిరుగుతున్నాయి. అవి చేసేది ఒక రకమైన దండోరా: ‘నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత’. ఫోన్ వింటుందే తప్ప బదులు పలకదు. కబురు బయల్దేరిన క్షణానికీ చేరిన క్షణానికీ తేడా చూసి దూరం లెక్కగడుతుంది. రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, గడియారంలో సెకనులో పదిలక్షల వంతు తప్పు దొర్లినా దూరంలో 300 మీటర్లు తేడా వస్తుంది. ఉపగ్రహాల్లో ఉన్నవి పరమాణు గడియారాలు. ఫోన్లో ఉన్నది చవకబారు స్ఫటికం. అందుకే చోటు తేల్చడానికి మూడు ఉపగ్రహాలు చాలవు, ఫోన్ గడియారాన్ని సరిదిద్దడానికి నాలుగోది కావాలి. ఐన్‌స్టీన్‌ కూడా ఇందులో ఉన్నాడు: సాపేక్షత కారణంగా పైనున్న గడియారాలు రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు నడుస్తాయి. ఆ తేడాను ముందే సర్దకపోతే ఒక్కరోజులో దూరాల లెక్క పది కిలోమీటర్లకు పైగా తప్పుతుంది.

మార్కాపురం బస్టాండు ముందు ఇదంతా చక్కగా పనిచేస్తుంది. ఆరుబయట మామూలు ఫోన్ దాదాపు 5 మీటర్ల తేడాలో చోటు చెప్పేస్తుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కాక కథ మారుతుంది. అంత దూరం నుంచి వచ్చే సంకేతం చేరేసరికే మహా బలహీనం, ఆపైన ఆకుల్లోని నీరు దాన్ని పీల్చేస్తుంది. వాగులోకి దిగితే రెండు పక్కలా కొండ నిలబడి సగం ఆకాశాన్ని మూసేస్తుంది. కొన్ని తరంగాలు బండకు తగిలి, చుట్టు తిరిగి ఆలస్యంగా వస్తాయి. ఫోన్ ఆ ఆలస్యాన్ని దూరం అనుకుంటుంది. మనిషి బండ మీద కూర్చుని నీళ్లు తాగుతుంటే తెర మీది చుక్క వాగుకు అటూ ఇటూ పచార్లు చేయడానికి కారణం ఇదే. నల్లమల ఎక్కువగా ఆకురాల్చే అడవి గనుక, ఒకే కాలిబాట మీద వేసవిలో కుదురుగా ఉన్న చుక్క శ్రావణంలో చెదిరిపోవచ్చు.

ఇంకో చిక్కు టవర్లది. టవర్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. పనిచేస్తుంది, కానీ బద్ధకంగా. ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే పట్టికను ఊళ్లో ఉన్న ఫోన్ ఇంటర్నెట్ నుంచి క్షణంలో లాగేసుకుంటుంది. అడవిలో ఆ పట్టికను ఉపగ్రహం నోటి నుంచే వినాలి, అది చెప్పే వేగం సెకనుకు 50 బిట్లు. ఒక్కో ఉపగ్రహం తన సంగతి చెప్పడానికి అరనిమిషం, మొత్తం ఉపగ్రహాల పంచాంగం చదవడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు అడవిలోకి దిగకముందే, ఆరుబయట చుక్క కుదురుకునేదాకా ఆగి, ముందే దించుకున్న మ్యాపు సరిచూసుకుని, ఫోన్ను ఫ్లైట్ మోడ్‌లో పెడతారు. లేకపోతే దొరకని టవర్ కోసం వెతికి వెతికి మధ్యాహ్నానికే బ్యాటరీ ఖాళీ.

ఇలా ముందే దించుకునే మ్యాపులు అమెరికాలో వేటగాళ్ల చేతుల్లో ఉంటాయి. 2009లో మోంటానాలో మొదలైన ఆన్‌ఎక్స్ అనే యాప్ ఏ పొలం ఎవరిదో, వేటకు అనుమతి ఉన్న నేల ఎక్కడిదాకానో చూపిస్తుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ పైన 1991 సవరణ వేట లైసెన్సుల కాలానికి తెర దించాయి. కాబట్టి నల్లమల అడవుల్లో వేట కోసం వాడే జీపీఎస్ గురించి చెప్పాలంటే వేటను ఆపేవాళ్ల గురించే చెప్పాలి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో మార్కాపురం డివిజన్ భాగం. ఇక్కడి అటవీశాఖ బీట్ సిబ్బంది ఫోన్లలో ఎం-స్ట్రైప్స్ అనే యాప్ ఉంటుంది. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ కలిసి 2010లో తెచ్చిన పద్ధతి అది.

బేస్ క్యాంపు నుంచి బయల్దేరేటప్పుడు ఒక బటన్ నొక్కితే చాలు, నడిచిన దారంతా గీతలా పడుతుంది. నెట్‌వర్క్ అక్కర్లేదు. పులి అడుగు కనిపిస్తే ఒక ఫోటో. చెట్టు మీద గోళ్ల గీరలు కనిపిస్తే మరొకటి. పొద మొదట్లో, దుప్పి మెడ ఎత్తుకు సరిగ్గా వేలాడదీసిన మోటార్‌సైకిల్ క్లచ్ వైరు ఉచ్చు దొరికితే తప్పకుండా ఒకటి. ప్రతి ఫోటో వెంటా అక్షాంశం, రేఖాంశం నమోదవుతాయి. దశాంశ బిందువు తర్వాత ఐదో అంకె దాకా రాస్తే అది నేల మీద మీటరు లెక్క. కొండలో ఫోన్ అంత కచ్చితంగా చెప్పలేదు గానీ, ఉచ్చు ఏ వాగు పక్కన పడిందో తెలియడానికి అంత అక్కర్లేదు కూడా. 2018 జాతీయ పులుల గణనలో సిబ్బంది ఈ యాప్‌తోనే దేశమంతటా 5.22 లక్షల కిలోమీటర్లకు పైగా కాలినడకన తిరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు 48గా తేలిన పులుల సంఖ్య 2022 గణనకు 63 అయింది.

ఇంత కచ్చితమైన సమాచారం రెండంచుల కత్తి. 2013లో మధ్యప్రదేశ్‌లోని పన్నాలో ఒక పులి మెడకు కట్టిన జీపీఎస్ పట్టీ వివరాలు వచ్చే ఈమెయిల్ ఖాతాను తెరవడానికి ఎవరో ప్రయత్నించారు. అది ఫలించలేదు. యాత్రికులు సరదాగా తీసే పులి ఫోటోలోనూ లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఆ చోటు అంకెలు దాగి ఉంటాయి. శ్రీశైలం దారిలో పులి కనిపించిందని ఫోటో పంచేవాళ్లలో ఎంతమంది ఈ సంగతి ఆలోచిస్తారో!

చోటు సంగతి అలా ఉంచితే, ఎత్తు దగ్గర ఫోన్ చేసే పొరపాటు మరీ విచిత్రం. ఉపగ్రహాల లెక్కకు ఆధారం గణితంలో గీసిన నున్నటి భూగోళం. అసలు సముద్రమట్టం అలా నున్నగా ఉండదు. భూమ్యాకర్షణ తక్కువైన చోట లోపలికి కుంగుతుంది, భారతదేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఏకంగా వంద మీటర్లకు పైగా. ఆ పల్లం అంచు మన జిల్లాల కిందికీ వస్తుంది. సవరణ చేయని యాప్ ఇక్కడ అసలు ఎత్తుకన్నా ఎనభై, తొంభై మీటర్లు తక్కువ చూపించి, సముద్రపుటొడ్డు ఊళ్లను నీళ్లలో ముంచేస్తుంది.

చుక్క దొరికినంత మాత్రాన దారి దొరికినట్టూ కాదు. తెర మీద ‘800 మీటర్లు’ అని కనిపించిన నీటిగుండం మధ్యలో లోయ అడ్డొస్తే పూట నడక అవుతుంది. అక్కడే చెంచు వాచర్ల మాట చెల్లుతుంది. ఏ వాగు ఏ నెల దాకా పారుతుందో, ఏ కనుమలో గొడ్డు దిగగలదో వాళ్లకు తెలుసు. ఈ కొండల్లో ఊళ్ల పేర్లే సగం మ్యాపు: గిద్దలూరు-నంద్యాల లైన్లోని ‘చెలమ’ స్టేషన్ పేరు చెప్పేది నీటిగుంట సంగతే.

మళ్లీ ఆకాశం సంగతికి వస్తే, మన సొంత ఉపగ్రహాల వ్యవస్థ నావిక్ మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి ఎగిరింది. ఈ వ్యవస్థలోని కొన్ని ఉపగ్రహాల్లో విదేశీ పరమాణు గడియారాలు మొరాయించడంతో, 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో ఇస్రో తాను తయారుచేసుకున్న రుబీడియం గడియారాన్ని పెట్టింది. జీపీఎస్ ఉపగ్రహాలు వచ్చిపోతుంటాయి. నావిక్‌వి ఎప్పుడూ మన ఆకాశంలోనే ఉంటాయి. ఇరుకు లోయలో నిలబడ్డ ఫోన్‌కు ఒకటి రెండు గొంతులు అదనంగా వినబడితే అదే పదివేలు.

సాయంత్రం బీట్ సిబ్బంది క్యాంపుకు చేరి, సిగ్నల్ దొరికే చోట ఫోన్ పెడితే ఆ రోజు గీతలన్నీ పైకి ఎక్కుతాయి. రేంజ్ ఆఫీసులో కంప్యూటర్ మీద బీట్లన్నిటి గీతలూ ఒకదాని మీద ఒకటి పరుచుకుని కనిపిస్తాయి. ఆఫీసర్ మొదట వెతికేది గీత పడని తెల్లజాగా కోసం. నెలలో ఎవరి కాలూ పడని వాగో, గుట్టో ఉంటే మర్నాటి నడక అటే వేస్తారు.