ప్రమాణమునకు ప్రమాణము

తూనికరాయి అరిగినచో సరకు తూకము తప్పును. త్రాసు మంచిదైనను, అమ్మువాడు ధర్మాత్ముడైనను ఆ తప్పు పోదు. కావున రాతినికూడ అప్పుడప్పుడు తూచి చూడవలెను. భూమిని చుట్టుచుండు కృత్రిమోపగ్రహములకును ఈ ధర్మమే వర్తించునని నేడు మనవి చేసెదను.

ఉపగ్రహమందలి యంత్రనేత్రము పైరులనుండియు, చెరువులనుండియు, మంచుకొండలనుండియు మరలివచ్చు సూర్యకాంతిని కొలుచును. కాలము గడచినకొలది ఆ నేత్రమునకు మాంద్యము కలుగును. అది ఎంతయో తెలియుటకై ఒక తెల్లని పలకపై ఎండ పడనిచ్చి దానికి చూపుదురు. 1999 డిసెంబరులో అమెరికావారు పంపిన టెర్రా ఉపగ్రహమున, మోడిస్ అను యంత్రమునకు ఇట్టి పలకను అమర్చిరి. ఆ పలక స్పెక్ట్రలాన్ అను పదార్థము. అంటుకొనని వంటపాత్రలకు పూయు టెఫ్లాన్ జాతి పొడిని అదిమి, కాల్చి దీనిని చేయుదురు. కంటికి కనబడు కాంతిలో నూటికి 99 పాళ్లు ఇది మరలించును. అద్దమువలె ఒక్క దిక్కునకు గాక, సున్నము కొట్టిన గోడవలె నలుదిక్కులకు వెదజల్లును.

ఎటనుండి చూచినను ఒకే తెలుపు కనబడు ఆదర్శతలమును గూర్చి 1760లో లాంబర్టు అను పండితుడు వ్రాసెను. సంపూర్ణముగ అట్టి గుణము ఏ పలకకును లేదు. అందుచే ఉపగ్రహమును పంపుటకు ముందే చీకటిగదిలో దీపమును ఒక కోణమున, కొలుచు పరికరమును వేరొక కోణమున నిలిపి, కోణములు మార్చుచు, ఒక్కొక్క రంగుకాంతికి విడివిడిగ కొలిచి పట్టిక వ్రాసికొందురు.

చిక్కు ఇంకను ఉన్నది. అంతరిక్షమున సూర్యుని అతినీలలోహితకిరణములు సూటిగ తగిలి పలకయే మాసిపోవును; నీలికాంతియందు ఈ తరుగు అధికము. దీనిని గుర్తింపనిచో, పలక మాపును నేత్రమాంద్యమని భ్రమించి లెక్క పెంచుదుము. అప్పుడు పొలములును మంచును ఉన్నదానికంటె తెల్లనివని తేలును. పదియేండ్లలో మారినది భూమియో, పలకయో తెలియదు. పైరుల స్థితిని, మంచు తరుగుదలను నిర్ణయించువారికి ఇంతకన్న అనర్థమేమున్నది?

కావుననే మోడిస్‌లో మరియొక చిన్నయంత్రము నుంచిరి. అది ఒకమారు తెరచాటున సూర్యుని, ఒకమారు పలకను చూచి రెంటిని పోల్చును. 2013లో పంపిన లాండ్‌శాట్ 8 ఉపగ్రహమున రెండు పలకలు గలవు. ఒకటి తరచుగ వాడుటకు. అరుదుగ ఎండసోకు రెండవది మొదటిదానికి సాక్షి. గాలియు వానయు లేని చంద్రతలము మిక్కిలి స్థిరమగుటచే చంద్రుని చూచికూడ సరిపోల్చుదురు.

గౌతముని న్యాయసూత్రములలో త్రాసు దృష్టాంతము కలదు. వస్తువులను తూచునపుడు త్రాసు ప్రమాణము. ఆ త్రాసునే పరీక్షించునపుడు అది ప్రమేయము. నేను విద్యార్థులకు తర్కము చెప్పిన దినములలో ఇది వాదమునకు పనికివచ్చు మాటయనియే వారు తలచెడివారు. నేడు ఆకాశమున తిరుగు తెల్లపలక దానికి ప్రత్యక్షోదాహరణము. కొలతను నమ్మవలెనన్నచో కొలబద్దను ముందు కొలువవలెను.