మరచిపోవడమే పనిగా పుట్టిన యంత్రం

గాజువాక శాసనసభ స్థానం 2008 పునర్విభజనలో ఏర్పడింది. అందువల్ల ఇక్కడి బూత్‌కి వెళ్లి గాజువాక ఎమ్మెల్యేకి ఓటేసినవారెవరూ అందుకోసం కాగితంపై ముద్ర వేయలేదు. 2009 నుంచీ ఈవీఎం నీలం బటనే. (కార్పొరేటర్ కోసం మాత్రం 2021 విశాఖ నగరపాలక సంస్థ ఎన్నికల్లో బ్యాలట్ పత్రం పట్టుకున్నారు.) ఆ బటనే 2019లో పవన్ కల్యాణ్‌ను తిప్పల నాగిరెడ్డి చేతిలో 16,753 ఓట్లతో ఓడించింది. 2024లో పల్లా శ్రీనివాసరావుకి 95,235 మెజారిటీ ఇచ్చింది; రాష్ట్రంలో అదే అత్యధికం.

ఈ యంత్రం తొలి నమూనా మన హైదరాబాద్‌ ఈసీఐఎల్‌దే. 1977లో ఎన్నికల సంఘం అడిగితే 1979లో తయారుచేసి, 1980 ఆగస్టు 6న పార్టీల ముందు పెట్టారు. తర్వాత బెంగళూరు బీఈఎల్ కూడా చేరింది. 1982 మేలో కేరళలోని పరవూరులో 50 బూత్‌లలో వాడారు. అక్కడ జరిగిన తమాషా ఇప్పటికీ తాజాగానే ఉంది. యంత్రం వద్దని పోలింగ్‌కి ముందే హైకోర్టుకెళ్లిన అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచాడు, ఓడిన ఏ.సి. జోస్ ఆ యంత్రం మీదే కేసు వేశాడు. చట్టంలో బ్యాలట్ పత్రం తప్ప యంత్రం ఊసే లేదు గనక 1984లో సుప్రీంకోర్టు ఆ 50 బూత్‌ల పోలింగ్ కొట్టేసింది. రీపోలింగ్‌లో జోస్ గెలిచాడు. 1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61ఎ సెక్షన్ చేర్చాక గానీ యంత్రానికి చట్టంలో చోటు దక్కలేదు.

లోపల పెద్ద మాయేమీ లేదు. అధికారి కంట్రోల్ యూనిట్‌పై బటన్ నొక్కితేనే బ్యాలట్ యూనిట్ ఒక్క ఓటుకి సిద్ధమవుతుంది. ఓటు పడగానే బీప్ మోగి మూసుకుంటుంది. ఒకేసారి వందల ఓట్లు గుద్దే రిగ్గింగ్‌కి ఈ నిదానమే అడ్డు. ఇంటర్నెట్ లేదు, బయటితో లంకె లేదు. అసలు చిక్కు వేరు. బ్యాంకులో పొరపాటు జరిగితే ఖాతా పేరుతో లెక్క లాగవచ్చు. ఓటు రహస్యం కాబట్టి ఎవరు ఎవరికి వేశారో యంత్రం గుర్తుంచుకోకూడదు. తప్పు జరిగిందన్నవాడికీ లేదన్నవాడికీ రుజువు దొరకకపోవడానికి కారణం ఇదే.

2010లో హైదరాబాదీ ఇంజనీరు వేమూరి హరిప్రసాద్ విదేశీ పరిశోధకులు హాల్డర్‌మన్, రాప్ గొంగ్రైప్‌లతో కలిసి ఒక ఈవీఎంని విప్పారు. డిస్‌ప్లే బోర్డు మారిస్తే అంకెలు మారతాయని చూపించారు. యంత్రం ఎక్కడిదో చెప్పని హరిప్రసాద్‌ను దొంగతనం కేసులో అరెస్టు చేశారు. నా మట్టుకు, అది ఎన్నికలు దొంగిలించారనడానికి రుజువు కాదు; యంత్రం చేతికి చిక్కితే ఏం చేయవచ్చో చూపిన రుజువు. కాపలా ఎంత ముఖ్యమో అందరికంటే బాగా చెప్పింది ఆ ప్రయోగమే. విప్పబోతే పనిచేయడం మానేసే ఎం3 యంత్రాలు ఆ తర్వాత వచ్చినవే.

2013 అక్టోబరులో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు వీవీప్యాట్ పెట్టమంది. ఓటేశాక 7 సెకన్లు చీటీ కనిపించి పెట్టెలో పడుతుంది. వద్దనుకున్న కాగితం వెనక దారిన తిరిగొచ్చిందన్నమాట. 2019లో చంద్రబాబు సహా 21 పార్టీల నేతలు సగం చీటీలు లెక్కించమన్నారు. కోర్టు శాసనసభ నియోజకవర్గానికి 5 యంత్రాలు చాలంది. యంత్రానికి అదే ఏడాది మరో పరీక్ష నిజామాబాద్‌లో ఎదురైంది: రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేయడంతో 185 మంది నిలిచారు. ఒక్కో బ్యాలట్ యూనిట్ 16 వరుసలే కనుక బూత్‌కి 12 యూనిట్లు పేర్చారు.

2024 జూన్‌లో ఓడిన జగన్ కాగితం బ్యాలట్లు కావాలన్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు రెండు, మూడు స్థానాల అభ్యర్థులకు 5 శాతం యంత్రాల తనిఖీ అడిగే హక్కిచ్చింది. ఖర్చు అడిగినవారిదే, తేడా తేలితే వాపసు. ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి 12 బూత్‌లకు అడిగారు. అధికారులు మాక్ పోలింగ్ చేస్తామంటే, అసలు ఓట్ల వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టమని హైకోర్టుకెళ్లారు. తనిఖీ పేరుతో యంత్రాల్లోని డేటా చెరపవద్దు, మళ్లీ ఎక్కించవద్దని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎన్నికల సంఘానికి చెప్పింది.