కిక్కు మోటారు సైకిలుకు తగిన బ్యాటరీ

మైపాడు నుండి నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్లు. తెల్లవారకముందే చేపల పెట్టెను వెనుక కట్టుకొని ఈ దారిన పోవువానికి, బ్యాటరీ చచ్చిన సంగతి వెంటనే తెలియదు. అనేక పాత కిక్కు బండ్లలో నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తు ఇంజనుతో తిరుగు మాగ్నెటో నుండియే వచ్చును. కావున బండి నడచుచునే యుండును. హారను మ్రోగదు, బ్రేకు దీపము వెలుగదు. వెనుక వచ్చు లారీకి ముందున్న బండి ఆగుచున్నట్లు తెలియదు. (2020 ఏప్రిల్ తరువాతి ఇంధనము చిమ్ము బండ్ల సంగతి వేరు.)

కిక్కు బండికి చిన్న బ్యాటరీ ఏల చాలును? స్టార్టరు మోటారు 60 ఆంపియర్లను 3 సెకనులపాటు తీసికొన్నదనుకొందము. ఖర్చు 60 × 3 ÷ 3600, అనగా 0.05 ఆంపియర్-గంట మాత్రమే! అయినను అంత ప్రవాహము ఒక్కసారిగా రావలెనన్న ఫలకముల వైశాల్యము హెచ్చుగా నుండవలెను. కాలితో తన్ను బండికి ఆ పని లేదు. 2.5 నుండి 5 ఆంపియర్-గంటల బ్యాటరీ తరచుగా సరిపోవును. పెద్దది పెట్టిన మేలుకదా యని కొందరందురు. తొట్టి పెద్దదైనంత మాత్రమున బావిలో ఊట పెరుగునా? జనరేటరు పాతదే, కొద్ది దూరములు తిరుగు బండిలో పెద్ద బ్యాటరీ ఎన్నడును నిండదు. వోల్టులు మాత్రము బండికి సరిపడవలెను: పాత 6 వోల్టుల బండికి మూడు ఘటములు, 12 వోల్టుల బండికి ఆరు.

1859లో ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే నేటికిని వీటిలో నున్నది. విద్యుత్తు వాడినకొలది రెండు ఫలకములపైనను సీస గంధకితము ఏర్పడును. చార్జి చేసిన అది తిరిగి కరగును. చార్జి చేయక విడిచినచో గట్టి స్ఫటికములై మరి కరగదు. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధము. బండ్లును అప్పుడే మూలపడును, ఎండలును అప్పుడే. బ్యాటరీ తనంతట తాను తరుగు వేగము ప్రతి 10 డిగ్రీలకు రమారమి రెట్టింపగును. నిషేధము ముగియుసరికి బ్యాటరీ పనికిరాకపోవుటకు దుకాణదారుని నిందించి లాభము లేదు; నెలకొకసారి చార్జి చేయించినచో నిలుచును.

నీరు పోయు రకమునకు స్వేదజలమే కావలెను. తీరపు బావుల ఉప్పునీటిలోని క్లోరైడు సీసమును తినివేయును. ఉప్పుగాలికి తీగల కొసలును చివికిపోవును. వాటికి వాసలీను పూయవలెను. ఆమ్లమును గాజునూలులో ఇమిడ్చిన మూసివేత బ్యాటరీకి నీటి బెడద లేదు, గతుకుల దారిలో ఆమ్లము చిందదు. ఈ తీరమునకు అదియే మేలు. అయితే ఎక్కువ చార్జి వలన ఒకసారి ఎండినచో మరల నీరు పోయుటకు వీలుపడదు. లిథియము బ్యాటరీ తేలిక. కాని ధర హెచ్చు, క్రమము తప్పిన చార్జిని అసలే ఓర్వదు.

కనుక కొనుటకు ముందు మెకానికుచేత వోల్టుమీటరు పెట్టించుట మంచిది. 12 వోల్టుల బండిలో ఇంజను వేగముగా తిరుగునప్పుడు 14 నుండి 14.5 వోల్టులు చూపవలెను. 15 దాటినచో మార్చవలసినది ముందు రెగ్యులేటరు. క్రొత్త బ్యాటరీ ఆ తరువాత.